త్రాగుడు మానినవారు – తీర్పు చెప్పు అలవాటు

(షోలాపురములో త్రాగుడు మానినవారును, వారి కుటుంబములవారును కూడుకొనిన తెలుగు సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



త్రాగుడు మానుట యెట్లు అను విషయమును గూర్చి ఈ గదిలో మనము అనేక పర్యాయములు ముచ్చటించుకొంటిమి. నేడు ముచ్చటింపవలసినది దాని తరువాతి విషయము. మానినవాడు మానలేనివానిని ఏ కంటితో చూచుచున్నాడు? మాని మరల త్రాగినవానిని గూర్చి మనవారు మెట్లమీదను, టీ దుకాణము ముందరను ఏమనుకొనుచున్నారు? ఇది చిన్న విషయమని కొందరికి తోచవచ్చును. కాని మా యెరుకలో పలుచబడిపోయిన కూటములు ధనము లేక పలుచబడినవి కావు, స్థలము లేక పలుచబడినవియు కావు. ఒకరిద్దరి మాట పడలేక ఒక్కొక్కరే రాక మానివేసినందున పలుచబడినవి.

పేటవారి తీర్పు మనకు క్రొత్తది కాదు. "తాగుబోతోని ఇల్లు" అను మాట మన పిల్లలు బడికి పోవు దారిలో విన్నారు. సంబంధము చూడవచ్చినవారు ప్రక్కింట విచారించి, గుమ్మమునుండియే మరలిపోయిన సంగతులు ఇచ్చట కూర్చున్న తల్లులకు తెలియును. ఆ తీర్పునుండి తలదాచుకొనుటకే మనము ఇచ్చట కూడుచున్నాము. అందుచేతనే ఇచ్చట వినబడిన తీర్పు ఎక్కువ నొప్పించును. వీధిలో నడచువాడు రాయి తగులునేమోయని తల కాచుకొని నడచును. తన యింటి వసారాలో ఎవడును తల కాచుకొనడు.

మన కూటములలో వ్రాయబడని యొక అంతస్తుల పట్టిక యున్నది. దానిని ఒకసారి విప్పి చూతము. కల్లు త్రాగి మానినవాడు సారా త్రాగి మానినవానికంటె తాను మేలనుకొనును. దుకాణమున సీసా కొని త్రాగినవాడు హాతభట్టీ త్రాగినవానిని చూచి ముక్కు మూసికొనును. వీరిద్దరును కలిసి, గంజాయి పీల్చిన కుర్రవానిని తమ వరుసలో కూర్చుండనీయరు. ఆసుపత్రికి పోకుండ మానినవాడు పోయి మానినవానిని, మాత్రలు లేకుండ మానినవాడు మాత్రలతో మానినవానిని తక్కువగా చూచును. అయిదు సంవత్సరములవాడు అయిదు నెలలవానికి పెద్ద; ఆ అయిదు నెలలవాడు నిన్న వచ్చినవానికి పెద్ద. ఇక స్త్రీ యెవరైన ఈ బాధలో చిక్కెనా, ఆమెకు ఈ పట్టికలో అడుగువరుస కూడ లేదు. పురుషుడు త్రాగిన దానిని వ్యసనమనియు, స్త్రీ త్రాగిన దానిని నడత చెడుట యనియు అనుట మనవారి వాడుక. ఒంటినొప్పులు మరచుటకని రాత్రిపూట మొదలుపెట్టి విడువలేకపోయిన ఆడువారు మన పేటలలో లేరని ఎవరును అనజాలరు. కాని ఈ వాడుక ఉన్నంతకాలము వారిలో ఒక్కరును ఈ మెట్లెక్కరు.

పట్టికలోని మొదటి పంక్తిని కొంచెము పరీక్షింతము. మన పూర్వులలో పెక్కుమంది కరీంనగరము, నల్లగొండ, వరంగల్లు, పాలమూరు ప్రాంతములనుండి నేతపని వెదకికొనుచు ఇచ్చటికి వచ్చినవారు. నేటికిని పెండ్లికో పండుగకో మనము ఆ ఊళ్ళకు పోవుచుందుము. అచ్చట కల్లు త్రాగుట త్రాగుడు క్రిందికి రాదని మనవారి నమ్మకము. చెట్టునుండి దించిన కల్లు మాట ఎట్లున్నను, 2015 సెప్టెంబరులో జరిగిన దానిని జ్ఞాపకము చేసికొనవలెను. ఆ నెలలో తెలంగాణమున కల్తీ కల్లును ప్రభుత్వమువారు అరికట్టబోగా, నిజామాబాదు, మహబూబునగరము జిల్లాలలో జనులు వణుకుతోను, మూర్ఛలతోను, మతిలేని మాటలతోను ఆసుపత్రులకు వచ్చి పడిరి. వారు తాము త్రాగుచుండినది కల్లనియే అనుకొనిరి. అందులో క్లోరల్ హైడ్రేటు, డైజిపాము, ఆల్ప్రజోలాము వంటి మత్తుమందులు కలుపబడుచుండెను. ఒక్కసారిగా అవి దొరకకపోవుటచేత శరీరము తిరుగబడెను. "మేము కల్లే కదా త్రాగితిమి" అనుకొన్న ఆ రైతుకూలీ ఏ వరుసలోనివాడు? సారావాని వరుసయా, మాత్రలవాని వరుసయా? పానీయములనుబట్టి మనుష్యులకు అంతస్తులు కట్టు పట్టిక అచ్చటనే చినిగిపోయినది.

మనోబలమును గూర్చిన పంక్తి ఇంతకంటె అపాయకరమైనది. "మనసు గట్టిదైతే ఒక్కనాటితో మానవచ్చు, నేను మానలేదా?" అని కొందరు ఛాతీ విరుచుకొని చెప్పుదురు. వారి యనుభవము వారిది, దానిని కాదనము. కాని ఏండ్ల తరబడి ప్రొద్దుటినుండి త్రాగుచున్నవాడు ఒక్కనాడు పూర్తిగా ఆపినచో ఆరు గంటలు మొదలుకొని ఒక దినములోపల చేతులు వణకుట, చెమటలు పట్టుట, నిద్ర పట్టకుండుట కనబడును. రెండు దినములలోపల కొందరికి మూర్ఛలు వచ్చును. రెండవనాటినుండి నాలుగవనాటివరకు కొందరికి లేని మనుష్యులు కనబడుటయు, లేని మాటలు వినబడుటయు, తాను ఎచ్చటనున్నదియు తెలియకపోవుటయు సంభవించును. దీనికి ఆసుపత్రిలో తగిన చికిత్స జరుగనిచో ప్రాణము పోవుటయు కలదు. ఈ స్థితిలో వైద్యులు కొలతప్రకారము మందిచ్చి, బీ-1 విటమిను ఎక్కించి, నాలుగైదు దినములు కనిపెట్టుకొనియుందురు. ఇట్టివానితో "ఆసుపత్రి యెందుకు, మొగవాడవు కావా?" అని యనినవాడు ధైర్యము చెప్పినట్లు కాదు, వానిని ప్రాణాపాయములోనికి నెట్టినట్లు.

మాత్రల విషయమును కూడ ఇచ్చటనే చెప్పుకొందము. డైసల్ఫిరాము అను మందు మద్యముతో కలిసినప్పుడు చేయు పనిని గూర్చి 1948లో డెన్మార్కు పరిశోధకులు ప్రకటించిరి. అది మ్రింగినవాడు త్రాగినచో ముఖము జేవురించి, గుండె దడదడలాడి, వాంతులగును. ఆ భయముచేత త్రాగకుండ నిలిచినవారు కలరు. వైద్యుడు పరీక్షించి, రోగికి తెలియజెప్పి, అతని సమ్మతితో ఇచ్చిన అది మంచి సహాయము. దానిని మగనికి తెలియకుండ పప్పులో కలిపి పెట్టు అలవాటు కొన్ని యిండ్లలో కలదు. అది మిక్కిలి ప్రమాదము, చేయరాదు. తెలిసి మ్రింగుచున్నవానిని "గోలీల మీద నిలిచినోడు" అని వెక్కిరించుట దేనికి? కంటికి అద్దాలు పెట్టుకొని అచ్చు కట్టుచున్న నేతగానిని "అద్దాలమీద నేసినోడు" అని ఎవరైనను అందురా?

ఈ తీర్పు చెప్పు గుణము మన పేటకు మాత్రమే చెందినదని చిన్నబుచ్చుకొననక్కరలేదు. త్రాగుడు మానినవారు ఒకరికొకరు తోడై కూర్చుండు పద్ధతిని లోకమునకు నేర్పిన ఆల్కహాలిక్స్ అనానిమస్ సంఘమే తన బాల్యములో దీనితో పెనగులాడవలసివచ్చినది. ఆ సంఘము పుట్టుకను గూర్చి మనకు తెలియవలసిన సంగతి యొకటి కలదు.

1935 మే నెలలో న్యూయార్కు షేరు వ్యాపారి బిల్ విల్సన్ వ్యవహారముపై అమెరికాలోని ఆక్రన్ నగరమునకు వెళ్ళెను. ఆయన త్రాగుడు మాని అప్పటికి అయిదారు నెలలు. తలపెట్టిన పని చెడిపోయెను. హోటలులోని పానశాల నవ్వులు చెవిని బడుచుండెను. ఇంకొక త్రాగుబోతుతో మాటలాడిననేగాని తాను నిలువజాలనని తలచి, నలుగురికి టెలిఫోను చేసి, ఆ ఊరి శస్త్రవైద్యుడు రాబర్ట్ స్మిత్‌ను కలిసికొనెను. ఇద్దరును గంటలకొలది మాటలాడుకొనిరి. వైద్యుడు మానెను. అంతవరకు అందరును చెప్పుకొందురు. తరువాతి సంగతిని మనవారు అంతగా చెప్పుకొనరు. కొద్ది వారములు గడచినవో లేదో, ఆ వైద్యుడు వైద్యుల మహాసభకని అట్లాంటిక్ సిటీకి వెళ్ళి, అచ్చట ఒడలెరుగనంతగా త్రాగి వచ్చెను.

అప్పుడు విల్సన్ చేయదగిన పని మన టీ దుకాణమువద్ద వినబడు మాట అనుట. "నేను అప్పుడే అనుకొంటిని" అని చెప్పి రైలెక్కి పోవచ్చును. ఆయన పోలేదు. ఆ వైద్యుని భార్యతో కలిసి, అతనికి తెలివి వచ్చువరకు దినములకొలది ప్రక్కన కూర్చుండెను. ఇంకను చేతులు వణకుచున్నను వైద్యునికి ఆనాడు ఒక శస్త్రచికిత్స చేయవలసియుండెను. చేతులు కుదురుపడుటకని విల్సనే అతనికి ఒక సీసా బీరు ఇచ్చెనని వారి చరిత్రలో వ్రాయబడియున్నది. (నేటి వైద్యులు దీనికి ఒప్పుకొందురని మేము చెప్పము!) ఆ బీరే ఆయన కడపటి త్రాగుడు. ఆ దినము 1935 జూన్ 10. ఆ దినమునే ఆ సంఘము తన జన్మదినముగా లెక్కించుకొనుచున్నది. ఆయన 1950లో మరణించువరకు మరల ముట్టలేదు; ఆ నడుమ అయిదు వేలమందికి పైగా త్రాగుడు రోగులకు ఫలమాశింపక వైద్యము చేసెనని ఆ సంఘమువారి లెక్క. రెండవ సభ్యుడే జారినవాడు. అతనిని ఆనాడు లెక్కనుండి తీసివేసియున్నచో మూడవ సభ్యుడు లేడు. ఆ మూడవవాడైనను పెద్దమనుష్యుని వలె వచ్చినవాడు కాడు. ఆసుపత్రిలో నర్సులను కొట్టి, మంచమునకు కట్టబడియుండిన న్యాయవాది.

ఇంత జరిగిన తరువాత కూడ ఆ సంఘములోని కూటములు తమ తమ గుమ్మములకు నిబంధనలు కట్టనారంభించెను. ఫలానావారు రారాదు, ఫలానా నడత గలవారు పనికిరారు అని ఒక్కొక్క కూటము ఒక్కొక్క జాబితా వ్రాసికొనెను. కేంద్ర కార్యాలయమువారు ఆ జాబితాలను తెప్పించి ఒకచోట చేర్చి చూడగా, అవన్నియు ఒక్కసారి అమలు జరిగినచో ఆ సంఘములో చేరుటకు అర్హత గలవాడు ఒక్కడును మిగులడని తేలెను. 1953లో వారు ప్రకటించిన గ్రంథములో ఈ సంగతిని తమమీద తామే నవ్వుకొనుచు వ్రాసికొనిరి. తుదకు చేరుటకు నిబంధన యొక్కటే మిగిలెను: త్రాగుడు మానవలెనను కోరిక. మానియుండుట కూడ కాదు, కోరిక యుండుట.

ఆ గ్రంథమునందే ఒక వర్తకుని కథ కలదు. ఆయన దేవుడు లేడనువాడు. కూటములో ప్రతివారము దానిని గూర్చియే వాదించెడివాడు. పెద్దలు విసిగి, ఇతడు ఎప్పుడు త్రాగునా, ఎప్పుడు వదలునా అని యుండిరి. ఆయన పరవూరిలో త్రాగి పడి, సహాయము కోరి తంతి పంపగా ఎవరును కదలలేదు. బుద్ధి వచ్చునులెమ్మని ఊరకుండిరి. ఆయన మాత్రము మరల మాని, తిరిగి వచ్చి, వెళ్ళుమన్నను వెళ్ళక నిలిచెను. సంఘపు మెట్లలో దేవుడను మాట వచ్చినచోట "మేము గ్రహించిన రూపమున" అను అర్థము గల మాటలు చేర్చుటకు అట్టివారి పట్టుదలయే కారణమని చెప్పుదురు. ఆ మాటలే లేనిచో దేవుడు లేడనువాడును, మన పేటలలో మార్కండేయ స్వామికి మ్రొక్కువాడును, నమాజు చేయువాడును ఒకే బల్లమీద కూర్చుండుట సాధ్యమయ్యెడిది కాదు. ఎవనిని పోవుగాక యని కోరుకొనిరో, అట్టివానివలన తలుపు వెడల్పు అయ్యెను.

మనకు సమీపమున పూనాలో 1986 ఆగస్టు 29న ముక్తాంగణ్ అను వ్యసనవిముక్తి కేంద్రము ప్రారంభమాయెను. మరాఠీ రచయిత అనిల్ అవచట్, ఆయన భార్య వైద్యురాలు సునంద (ఆమెను అనితా అనియు పిలిచెడివారు) దానిని నెలకొల్పిరి. సుప్రసిద్ధ హాస్యరచయిత పు. ల. దేశ్‌పాండే ధనసహాయము చేసి ప్రోత్సహించెను. అచ్చట చికిత్సకు వచ్చినవానిని "రుగ్ణమిత్ర" అని పిలుతురు. రోగి అనరు, త్రాగుబోతు అంతకన్న అనరు. అచ్చట బాగుపడినవారిలో కొందరు అచ్చటనే సలహాదారులుగా పనిచేయుచున్నారు. మన తెలుగులో ఇట్టివానిని పిలుచుటకు ఇంకను ఒక మంచి మాట కుదరలేదు. కుదిరినదాక పేరు పెట్టి పిలిచిన చాలును. వరుస కలిపి అన్నా, తమ్ముడా అని పిలిచిన మరియు మేలు.

మరల త్రాగుటను గూర్చి వైద్యశాస్త్రము చెప్పునది కూడ విందము. 2000వ సంవత్సరమున అమెరికా వైద్యసంఘ పత్రికలో నలుగురు శాస్త్రజ్ఞులు ఈ వ్యసనములను మధుమేహము, రక్తపోటు, ఉబ్బసములతో పోల్చి పరిశీలించి వ్రాసిరి. చికిత్స పొందినవారిలో నూటికి 40 నుండి 60 మంది సంవత్సరములోపల మరల ఆ పదార్థమును ముట్టుదురని అందు కలదు. రక్తపోటువారును, ఉబ్బసమువారును మందులు మాని, పథ్యము చెడి, మరల రోగము ముదిరి వచ్చుటయు ఇంచుమించు అట్లే యున్నదని వారు చూపిరి. చక్కెర వ్యాధిగల మామ పెండ్లిలో నాలుగు లడ్డూలు తిని పడిపోయినప్పుడు మనము ఆటోలో ఎక్కించి ఆసుపత్రికి తీసికొనిపోవుదుము. అదే పెండ్లిలో నాలుగు గ్లాసులు త్రాగి పడిపోయిన బావను గోడప్రక్కన వదలి, వచ్చినవారందరికి చూపుదుము.

ఇక మన దేశపు లెక్క. ఢిల్లీ అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థవారు కేంద్ర ప్రభుత్వముకొరకు జరిపి 2019లో ప్రకటించిన సర్వేలో, పది మొదలు డెబ్బదియైదేండ్ల వయస్సువారిలో నూటికి 2.7 వంతులమంది మద్యమునకు పూర్తిగా లోబడినవారని తేలినది. అట్టివారు 38 మందిలో ఒక్కనికి మాత్రమే ఏదో యొక చికిత్స అందినది. అనగా ఈ గదిలోనికి వచ్చి కూర్చున్న ప్రతివాని వెనుక రానివారు, రాలేనివారు ఎందరో కలరు. వచ్చిన ఆ ఒక్కనిని మాటతో వెనుకకు పంపుట ఎంత ఖరీదైన పనియో ఆలోచింపుడు.

పరభాషా ప్రాంతమున నివసించు మనకు ఈ ఖరీదు ఇంకను ఎక్కువ. హైదరాబాదులో ఒక కూటమున మనస్సు నొచ్చినవాడు మరియొక తెలుగు కూటమునకు పోవచ్చును. షోలాపురమున, భివండీలో, హోసూరులో, బరంపురములో నొచ్చినవాడు ఎచ్చటికి పోవును? "మరాఠీలో కూటములు లేవా?" అని మీరడుగవచ్చును. కలవు, మంచివి కలవు. మన కుర్రవారు మరాఠీ బడిలో చదివినవారు, వారికి ఇబ్బంది లేదు. కాని నలుబది దాటిన నేతపనివానికి వచ్చిన మరాఠీ బజారు మరాఠీ, సేటు దగ్గరి మరాఠీ. నూలు బరువు, కూలి బాకీ, బస్సు వేళ ఆ భాషలో చెప్పగలడు. త్రాగిన మైకములో కన్నతల్లిని ఏమనెనో, కూతురు చదువునకు దాచిన డబ్బు ఏ రాత్రి పెట్టెనుండి తీసెనో చెప్పుటకు అతనికి ఆ భాషలో మాటలు లేవు. సిగ్గుపడి చెప్పు మాట తల్లిభాషలోనే వచ్చును. ఆ మాట వచ్చిననేగాని బరువు దిగదు. ఆ మాట చెప్పుకొనుటకు అతనికి ఉన్న గది ఇదియొక్కటే.

రెండవ సంగతి, మన సంఖ్య చిన్నది. ఇచ్చట సాయంకాలము పలికిన మాట రాత్రికి పేటంతయు తిరుగును. ఫోనులు వచ్చిన తరువాత మరునాటికి భివండీలోని వియ్యాలవారి యింటికి చేరును. అమెరికావారు తమ సంఘపు పేరులోనే అనామకత్వమును పెట్టుకొనిరి. మనకు అనామకత్వము ఎక్కడిది? ఇంటిపేరు చెప్పకముందే తాతపేరు తెలిసిపోవును. కావున మన గదిలో విన్నది మన గదిలోనే ఉంచుట వారికంటె మనకు ఎక్కువ అవసరము. పెరిగిన కూతురు ఇంట నుండగా తండ్రి ఈ మెట్లెక్కుట సాహసమే.

కొన్ని నెలల క్రిందట జరిగిన దానిని పేరు లేకుండ చెప్పుటకు అతని యింటివారి అనుమతి తీసికొంటిమి. మన కూటములో పదునొకండు నెలలు మానియుండిన ఒక నేతపనివాడు బంధువుల పెండ్లికి తెలంగాణమునకు పోయి, అచ్చట రెండు రాత్రులు త్రాగెను. తిరిగి వచ్చిన ఆదివారమే కూటమునకు బయలుదేరెను. ఈ మాటను కొంచెము గమనింపుడు: దాగికొనలేదు, అబద్ధమాడలేదు, వచ్చెను. మెట్లమీద ఇద్దరు మాటలాడుకొనుచుండిరి. "ఎన్ని దినాలు ఆగుతడో సూద్దామని నేను అప్పుడే అన్న గద" అని ఒకరు అనిరి. ఆ మాట అతని చెవిని బడెను. సగము మెట్లనుండి దిగిపోయెను. మరల రాలేదు. ఆ మాట అనినవారు దుష్టులు కారు. అది అబద్ధమును కాదు. అతడు త్రాగిన మాట నిజమే. నిజమైనందుననే అది అంత లోతుగా దిగెను.

ఇట్టి మాట అనుటలో అనినవానికి దొరకునది ఏమి? ఒక నిమిషము తాను ఎత్తుమీద నిలుచున్నట్లు తోచును. తన లోపలి భయమును ఎదుటివాని పేరుతో పలికి తేలికపడును. "వాడు పడెను" అనుటలో "నేను పడలేదు" అను ఊరట కలదు. అది మనుష్య స్వభావము. దానికి ఎవరిని నిందింపము. కాని ఎదుటివాని దినములను లెక్కించుచున్నవాడు తన దినములను మరచును. ఆ అమెరికా సంఘపు నాలుగవ మెట్టు ప్రతివానిని తన లోపములను కాగితముపై పట్టిక వ్రాసికొనుమనును. ప్రక్కవాని పట్టిక వ్రాయుమని పండ్రెండు మెట్లలో ఒక్కటియు చెప్పదు. ఒరుల లోపములు వెదకువారిని గూర్చి వేమన చెప్పిన పద్యము బడిపిల్లలకు కూడ వచ్చును. ఆ పద్యమును సైతము మనము ఎదుటివానిమీద ప్రయోగించుటకే చదువుచుందుము!

ఇచ్చట ఒక అపార్థమునకు తావు ఈయరాదు. తీర్పు చెప్పవలదన్నంతమాత్రమున అన్నియు సహింపుడని ఆడువారికి చెప్పుట లేదు. వేయి బీడీలు చుట్టి తెచ్చిన కూలిని భర్తకు చిక్కకుండ దాచు ఇల్లాలు తీర్పు చెప్పుట లేదు, పిల్లలకు అన్నము దాచుచున్నది. చేయి చేసికొనువానికి తలుపు తీయకుండుట తీర్పు కాదు. 2005 గృహహింస చట్టముక్రింద రక్షణ కోరుట తీర్పు కాదు. "నేడు నీవు త్రాగియున్నావు, నేడు నీతో మాటలాడను, రేపు మాటలాడుదును" అనుట హద్దు గీయుట. "నీవు ఎన్నటికిని మారవు" అనుట తీర్పు. మొదటిది నేటి పనిని గూర్చినది, రెండవది మనుష్యుని మొత్తమును గూర్చినది. "నీ ఇల్లాలు నిన్ను సరిగా చూచుకొనలేదు" అని త్రాగినవాని తప్పును భార్యకు అంటగట్టు పెద్దలున్నారు. వారి తీర్పు అన్నింటికంటె అన్యాయమైనది.

కూటములో కొన్ని పద్ధతులు పెట్టుకొన్న మేలని మా అభిప్రాయము. ఇచ్చట లేనివానిని గూర్చి మాటలాడవలదు. మాటలాడునప్పుడు తన సంగతియే చెప్పవలెను. "మనలో కొందరు" అని మొదలుపెట్టి ఎదురుగా కూర్చున్నవానిని చూచు నేర్పు అక్కరలేదు. సంవత్సరములు గడచినవారికి పూలదండ వేయునప్పుడు, మరల మొదటి దినమునుండి మొదలుపెట్టినవానికిని వేయవలెను. పూనా కేంద్రమున మానిన దినమును పుట్టినరోజుగా జరుపుదురు, ఒకనికి అట్టి పుట్టినరోజులు రెండు మూడు ఉన్న నష్టమేమి? తిరిగి వచ్చినవానిని "ఎన్నాళ్ళాయె?" అని మొదట అడుగవలదు. "అన్నము తింటివా?" అని అడుగుట మన యిండ్లలో పుట్టినప్పటినుండి వచ్చిన అలవాటు. దానినే ఇచ్చటికి తెచ్చుకొనవలెను.

పైన చెప్పిన నేతపనివాని యింటికి వచ్చు గురువారము ఇద్దరు వెళ్ళవలెనని కార్యవర్గము నిశ్చయించినది. వారిలో ఒకరు లోగడ మాని, జారి, మరల వచ్చి నిలిచినవారై యుండుట మంచిది. మగ్గము దిగి యింటికి వచ్చు వేళకు పోవలెను. త్రాగి యున్నచో కూర్చుండి టీ త్రాగి వచ్చి, మరునాడు మరల పోవలెను. దినమంతయు త్రాగుచున్నట్లు తెలిసినచో "ఈ రాత్రితో ఆపు" అని ఒట్టు వేయించుకొనరాదు. ప్రక్కన నడచి ప్రభుత్వాసుపత్రికి తీసికొనిపోవలెను. వైద్యుడు వెంటనే దొరకనిచో 2022లో ప్రభుత్వమువారు ఆరంభించిన టెలి-మానస్ వారికి 14416 సంఖ్యకు ఫోను చేయవచ్చును. అచ్చట అనేక భారతీయ భాషలలో మాటలాడువారు కలరు. మెట్లమీద అన్న మాటను గూర్చి అతడే ఎత్తినచో విని ఊరకొనవలెను. అనినది ఎవరని విచారణ చేసి, ఇంకొకనికి తీర్పు చెప్పవలదు.

వెళ్ళుటకు ఇష్టపడువారు సభ ముగిసిన పిమ్మట కార్యదర్శిగారికి తమ పేరు ఈయగోరెదము. ఆదివారపు కూటము ఎప్పటివలెనే సాయంకాలము అయిదు గంటలకు జరుగును.